ముసలమ్మ దిబ్బ సెలూన్

చేపకి గడ్డం ఉండదు, జుట్టు అసలే ఉండదు. అలాంటి చేపకి సెలూన్ ఏమిటని గవరయ్య మొదట పగలబడి నవ్వాడు. కూతురు హేమ మాత్రం నవ్వలేదు. మిట్టమధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసుకుని తండ్రి దుకాణానికి వచ్చి, కస్టమర్లు కూర్చునే తిరుగుడు కుర్చీలో కూలబడి, చేతిలోని స్క్రీన్ ఆయన ముఖం ముందు పెట్టింది.

"నవ్వకు నాన్నా. నా మూడేళ్ల కష్టం నీళ్లపాలయ్యేలా ఉంది. ఒక్కసారి చూసి, ఎక్కడ తప్పు జరుగుతోందో చెప్పు."

"సూడమంటే సూస్తాను గానీ, సేపల సంగతి నాకేటి తెలుస్తాదమ్మా? పేటలో ఏ జాలరోణ్ణి అడిగినా సెప్తాడు కదా."

"జాలర్లకి చేపల్ని పట్టడం తెలుసు. వాటికి ఒళ్లు శుభ్రం చేయడం తెలీదు కదా."

ఆ మాటకి గవరయ్య నవ్వు మానేసి కళ్లజోడు సవరించుకున్నాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అంటే తెలుగువాళ్ల పేట. శ్రీకాకుళం వైపు నుంచి వలలు భుజాన వేసుకుని జాలర్లు ముందు దిగారు. సముద్రం మీదికి పోయినంత మాత్రాన గడ్డాలు పెరగడం మానవు గనక, వాళ్ల వెనకే గవరయ్య కత్తీ కత్తెరా పట్టుకుని దిగాడు. అది నలభై రెండేళ్ల కిందటి మాట. పంతొమ్మిదేళ్ల వయసులో వచ్చినవాడు, ఇప్పుడు తాత తలనీ మనవడి తలనీ ఒకే కుర్చీలో చూసిన మనిషి. ఒక్కగానొక్క కూతురు చదువుకుని సముద్ర పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త అయింది. అక్కడ ఆమె ఏం చేస్తుందో ఆయనకి పూర్తిగా తెలియదు. ఎవరైనా అడిగితే చేపల డాక్టరని చెప్పేసి ఊరుకుంటాడు.

స్క్రీన్ మీద పగడాల దిబ్బ కనపడింది. జాలర్లు దాన్ని ముసలమ్మ దిబ్బ అంటారు. దిబ్బ అంచున ఓ గుండ్రటి పగడం దగ్గర వేలెడంత చేప ఒకటి ఆగకుండా ఊగుతోంది. ఒళ్లంతా లేత నీలం. మూతి మొదలు తోక దాకా కాటుకతో గీసినట్టు ఒకటే నల్లచార, తోక దగ్గరికి వచ్చేసరికి వెడల్పయింది. తోక ఎత్తుతూ దించుతూ అది ఆడే ఆట చూసి, మనిషి చెయ్యంత పొడుగున్న మచ్చల చేప ఒకటి వచ్చి ఎదురుగా నిలబడింది. నిలబడి నోరు బార్లా తెరిచింది. చిన్నచేప ఏ బెరుకూ లేకుండా ఆ నోట్లోకి దూరిపోయింది.

"అమ్మో, మింగేసినాది!" అన్నాడు గవరయ్య.

"మింగదు. చూస్తూ ఉండు."

చిన్నచేప పళ్లసందులన్నీ వెతికి, మొప్పల్లోంచి బయటికి వచ్చి, పెద్దచేప ఒంటికి అతుక్కున్న పురుగుల్ని ఒక్కొక్కటే ఏరుకు తింది. పెద్దచేప ఒళ్లు వదిలేసి నీళ్లలో అలా వేలాడుతూ ఉండిపోయింది. దాని వెనక రెండు చిలక చేపలు తమ వంతు కోసం కాచుకుని ఉన్నాయి.

"ఓర్నీ! ఇది సెలూనే! ఆదోరం పూట మన కొట్టులాగే ఉంది," అన్నాడు గవరయ్య.

ఆ తర్వాత సంగతి హేమ నిట్టూర్పుల మధ్య చెప్పింది. నాలుగేళ్ల కిందట సముద్రం వేడెక్కి పగడాలు తెల్లగా పాలిపోయాయి. మిగిలిన సెలూన్ చేపల్ని గాజుతొట్లలో పెంచుకునేవాళ్ల కోసం పట్టుకుపోయారు. ముసలమ్మ దిబ్బ మొత్తానికి ఐదే ఐదు మిగిలాయి, ఒక మగదీ నాలుగు ఆడవీ. ఐదు చేపలు ఎన్ని ఒళ్లని శుభ్రం చేయగలవు? పురుగులు పట్టిన చేపలు దిబ్బ వదిలి పోతున్నాయి. అవి పోతే నాచు మేసేవాళ్లు ఉండరు, నాచు కమ్మేసి పగడం చస్తుంది. అందుకని హేమా, ఆమెతో పనిచేసే తపన్ అనే బెంగాలీ ఇంజనీరూ కలిసి ఒక బొమ్మచేపని తయారుచేశారు. మెత్తటి రబ్బరు ఒళ్లు, లోపల దారాలంత సన్నటి కండరాలు, నోట్లో చిన్న కుంచె, సొంతంగా ఆలోచించుకునే బుర్ర. రంగూ ఆకారం అచ్చం సెలూన్ చేపే. పురుగుని ఏరడంలో అసలు చేపని మించిపోయింది. కానీ అది దగ్గరికి వచ్చిందంటే చాలు, చేపలన్నీ చెల్లాచెదురైపోతున్నాయి.

హేమ ఆ దృశ్యం కూడా చూపించింది. బొమ్మచేప సూటిగా ఈదుకుంటూ వెళ్లి, మచ్చల చేప మొప్ప దగ్గర మూతి పెట్టి పని మొదలుపెట్టింది. మచ్చల చేప తోక ఒక్క విసురు విసిరి మాయమైంది.

"ఆపాపు," అన్నాడు గవరయ్య. "మనిషొచ్చి కుర్సీలో కూకోగానే పీక మీద కత్తెట్టేస్తావేటమ్మా? ఎవుడుంటాడు?"

"మరేం చేయాలి?"

గవరయ్య నోటితో చెప్పలేదు. కొక్కేనికి వేలాడుతున్న తెల్లగుడ్డ తీసి గాల్లో ఫట్టున దులిపి కూతురి మెడ చుట్టూ కప్పాడు. భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం అలాగే ఉంచాడు. బొటనవేలితో మెడ వెనక రెండుసార్లు రాసి, మునివేళ్లతో తలని కొంచెం పక్కకి వంచాడు. హేమకి తెలియకుండానే కళ్లు మూతలు పడ్డాయి.

"సూసినావా? ఇది పని కాదు. పనికి ముందు మాట. నా సెయ్యి ఇక్కడుంది, బయపడకు అని సెప్పడం. ఈ మాట సెప్పకుండా కత్తి పట్టుకుంటే రాజైనా లేచి పారిపోతాడు."

హేమ గుడ్డతో సహా కుర్చీలోంచి లేచి నిలబడింది. స్క్రీన్ వెనక్కి తిప్పి, అసలు చేప దగ్గర ఆపింది. పని మొదలుపెట్టే ముందు అది పొట్ట కింది రెక్కలతో మచ్చల చేప వీపుని మెల్లగా నిమురుతోంది.

"ఇది పుస్తకాల్లో ఉంది నాన్నా! బ్యాటరీ దండగని మేమే తీసేశాం."

"దండగేటి! మా యాపారమంతా అదే," అన్నాడు గవరయ్య.

మరునాటి నుంచి గవరయ్య కుడిచేతికి సాలెగూడు లాంటి పల్చటి తొడుగు వచ్చింది. ఏ వేలు ఎంత బరువు వేస్తోందో, ఎక్కడ తేలికవుతోందో ఆ తొడుగు గుర్తుపెట్టుకుని బొమ్మచేప బుర్రకి నేర్పుతుంది. మొదట్లో జాలర్లు జంకారు.

"బాబాయ్, కరెంటు కొట్టదు గదా?"

"కొడితే మంచిదేరా. జుట్టు నిలబడతాది, కత్తిరించడం నాకు తేలిక," అన్నాడు గవరయ్య.

పదిహేను రోజుల్లో పేటలో సగం తలలు ఆ తొడుగు కిందుగా వెళ్లాయి. పదహారో రోజున బొమ్మచేప మళ్లీ దిబ్బ దగ్గర దిగింది. ఈసారి సూటిగా పోలేదు. దూరం నుంచే ఊగింది, మెల్లగా దగ్గరికి చేరింది, రెక్కలతో నిమిరింది, ఆగింది, మళ్లీ నిమిరింది. మచ్చల చేప కదల్లేదు. తర్వాత నోరు తెరిచింది. పరిశోధన కేంద్రంలో తపన్ బల్ల ఎక్కి గంతులేశాడని హేమ ఫోన్ చేసి చెప్పింది.

వారం తిరక్కుండా బొమ్మ ముందు ఇరవై చేపలు వంతు కోసం నిలబడుతున్నాయి. తపన్ దుకాణంలో అద్దం పక్కన ఒక స్క్రీన్ బిగించాడు. దిబ్బ దగ్గర ఏం జరిగినా అందులో కనపడుతుంది. గడ్డం గీయించుకునే పని లేనివాళ్లు కూడా వచ్చి బెంచీల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. బొమ్మకి కేంద్రంవాళ్లు పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. పేటవాళ్లు చిన్న గవరయ్య అని పిలిచారు, ఆ పేరే ఖాయమైంది.

"బాబాయ్, నీకంటే దానికే బేరాలెక్కువ!"

"ఉండవేటి మరి? సెయ్యెవుడిది!"

గవరయ్య పొంగిపోయాడు. ఇన్నేళ్లలో ఆయనకి శిష్యుడంటూ నిలబడలేదు. పని నేర్చుకోవాలనుకున్నవాళ్లంతా ఎదురుగా కొత్తగా వచ్చిన ఏసీ సెలూన్‌కే పోతున్నారు. ఇన్నాళ్లకి తన చెయ్యి ఒకరికి అబ్బింది, ఆ ఒకరు రబ్బరు చేపయితేనేం అనుకున్నాడు.

నెలన్నర గడిచింది. ఓ ఆదివారం మధ్యాహ్నం హేమ తండ్రి పక్కన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది. ఆమె తల్లి నూకాలు చేపల పులుసు పెట్టిందంటే వాసనకే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని వస్తారు. అలాంటి పులుసుని ఎదురుగా పెట్టుకుని కెలుకుతూ కూర్చుందంటే ఏదో జరిగిందన్నమాటే.

"ఏటైనాదే? ఉప్పు సాల్లేదేటి?" అంది నూకాలు.

"ఐదింట్లో మగది కనపడ్డం మానేసిందమ్మా. మూడు వారాలైంది."

"పోన్లే, ఇంకో మగోడొస్తాడు."

"రానక్కర్లేదు. మగది పోతే ఆడవాటిలో పెద్దది మగదిగా మారిపోతుంది. ఈ జాతి తీరే అంత."

నూకాలు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఓలమ్మో! మారిపోయి ఏటి సేస్తాది?"

"మిగతావాటి మీద పెత్తనం."

"ఆ పని నాను మారకుండానే సేస్తన్నాను గదే!"

ఇంకో రోజయితే ముగ్గురూ నవ్వుకునేవాళ్లే. హేమ తల ఎత్తలేదు. "ఇది మారడం లేదమ్మా. మారడానికి ఒంట్లో సత్తువ ఉండాలి కదా. దాని పొట్ట వీపుకి అంటుకుపోయింది. మిగిలిన మూడూ అలాగే ఉన్నాయి. బేరాలన్నీ చిన్న గవరయ్యకే పోతున్నాయి. ఇవి పక్కనే ఊగి ఊగి సొమ్మసిల్లుతుంటే ఒక్క చేపా అటు తిరిగి చూడదు. బొమ్మ తినదు. అది ఏరిన పురుగులన్నీ పొట్టలో సంచిలోకి పోతాయి. వీటికి తిండి అదే నాన్నా, వేరే లేదు."

"అయితే బొమ్మని తీసీ," అన్నాడు గవరయ్య.

"తీసేస్తే మళ్లీ మొదటికే. నాలుగు చేపలతో దిబ్బ నిలవదు. బొమ్మ ఉండాలి, ఇవీ బతకాలి. బొమ్మని దూరంగా పెట్టి చూశాం, నెమ్మదిగా పనిచేయించి చూశాం. ఎంతసేపైనా దాని దగ్గరే నిలబడుతున్నాయి. పన్నెండు రోజుల్లో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్లకి నచ్చితే ఇలాంటివి వెయ్యి చేయించి దీవుల చుట్టూ దింపుతారు. నచ్చకేం, బ్రహ్మాండంగా నచ్చుతుంది. అప్పుడు ప్రతి దిబ్బ మీదా ఇదే..." హేమ మాట పూర్తి చేయలేక కంచం పక్కకి జరిపింది.

గవరయ్య అన్నం అంటుకున్న కుడిచేతిని చూసుకున్నాడు. ఈ చెయ్యే కదా నీళ్లలో ఆ నాలుగింటి నోటిముందు కూడు లాగేస్తున్నది. నిన్నటిదాకా ఎంత గర్వపడ్డాడో అంతకి అంత సిగ్గుపడ్డాడు.

మంగళవారం సెలూన్లకి సెలవు. ఆ రోజు పొద్దున్నే గవరయ్య దుకాణం తెరిచి, కస్టమర్ల కుర్చీలో తనే కూర్చుని చాలాసేపు అద్దంలోకి చూశాడు. తర్వాత హేమకీ తపన్‌కీ కబురు పెట్టాడు. ఇంటి దగ్గర్నుంచి టీ పట్టుకుని నూకాలు కూడా వచ్చింది.

"మీకో సంగతి సెప్పాల," అని మొదలుపెట్టాడు. "నానీ ఊరొచ్చినప్పుడు ఆ మూల సన్యాసయ్య తాత కొట్టుండీది. పేటంతా ఆయన బేరమే. ఈ పక్క గోడవార కుర్సీ ఏసుకుని నాను కూకుంటే కాకి కూడా వాలీది కాదు. నెల్లాళ్లు గంజే తాగినాను. ఇంక ఓడెక్కి ఎల్లిపోదావనుకున్నాను. అప్పుడొకడొచ్చినాడు. సన్యాసయ్యకి కళ్లు తగ్గినాయిరా, ఎడమ సెంప మీద గాటెట్టేసినాడు, నువ్వు గీయి అన్నాడు. మర్నాడు ఇంకోడు. అలా అలా నలుగుర్లో ఒకడు నా దగ్గిరికి తిరిగిపోయినాడు. నాను నిలబడిపోయినాను."

"అదృష్టం," అన్నాడు తపన్.

"నానూ అలాగే అనుకున్నాను. రెండేళ్లకి నా పెళ్లయినాది. పెళ్లికొడుక్కి గడ్డం గీయడానికి సన్యాసయ్య తాతే ఒచ్చినాడు. కత్తి నా మొకం మీద నడిచిందో లేదో కూడా తెలీలేదు. కళ్లు తగ్గినోడి సెయ్యి కాదది. అద్దంలో ఆయన మొకం సూసినాను. ఆయన నవ్వి, ఎవుడికీ సెప్పకురా అన్నాడు. అంతే."



"నలబై ఏళ్లై నాక్కూడా సెప్పలేదేటి?" అంది నూకాలు.

"సెప్పొద్దన్నాడు గదే."

హేమ కళ్లు మెరిశాయి. "నాన్నా, అసలు చేపలు కూడా అప్పుడప్పుడు మోసం చేస్తాయి. పురుగుకంటే పెద్దచేప ఒంటి మీది జిగురు వాటికి రుచి. చటుక్కున కొరికేస్తాయి. కొరికించుకున్న చేప కోపం తెచ్చుకుని ఇంకో సెలూన్ వెతుక్కుంటుంది. మన బొమ్మకి ఆ తప్పు చేయడం రాదు."

"రాదు. నాను నేర్పలేదు గదా," అన్నాడు గవరయ్య.

తపన్ ఆ పని కంప్యూటర్‌తోనే అయిపోతుందని ధీమాగా చెప్పి, మధ్యాహ్నానికల్లా బొమ్మకి కొరుకుడు నేర్పేశాడు. అది మరీ గట్టిగా కొరికింది. చేపలు బొమ్మ దగ్గర్నుంచే కాదు, ఆ నాలుగు చేపల దగ్గర్నుంచి కూడా పారిపోయాయి. సాయంత్రం దాకా దిబ్బ మీద పురుగు లేదు, చేప లేదు. కొరికితే కోపం రావాలి గానీ భయం వేయకూడదు. ఆ కొలత కంప్యూటర్‌కి దొరకలేదు. మళ్లీ తొడుగు బయటికి వచ్చింది.

తర్వాతి మంగళవారం తపన్ తన వారం గడ్డాన్ని త్యాగం చేస్తానని కుర్చీలో కూర్చున్నాడు. గవరయ్య నురగ పట్టించి, కత్తి తెరిచి, ఎడమ చెంప దగ్గరికి వచ్చాడు. గాటు పెట్టాలని మనసు చెప్పింది. చెయ్యి వినలేదు. కత్తి వెన్న మీద పోయినట్టు పోయింది. మళ్లీ నురగ, మళ్లీ కత్తి. తపన్ బుగ్గలు అద్దంలా మెరుస్తున్నాయి గానీ గీత పడలేదు.

"చాచా, కొంచెం కోపంగా గీయండి," అన్నాడు తపన్.

"రాదు నాయినా. నా వల్ల కాదు," అన్నాడు గవరయ్య. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. కమిటీ రావడానికి మూడు రోజులే ఉంది. హేమ గోడకి ఆనుకుని తండ్రి చేతినే చూస్తోంది.

బెంచీ మీద కూర్చున్న నూకాలు టీగ్లాసు ఊదుకుంటూ, గాలిలోకి అన్నట్టుగా అంది. "మా తమ్ముడి కొడుకు మొన్న పెళ్లికి ఆ ఎదర ఏసీ కొట్టులో గడ్డం గీయించుకున్నాడంట. ఎంత బాగుందనుకున్నారు! బుగ్గలు గుమ్మడిపండే. మన కొట్టులో ఎప్పుడైనా అంత నున్నగా సేసినారేటి ఎవులికైనా?"

"ఏటీ!" అని గవరయ్య తల తిప్పాడు. ఆ తిప్పడంలో చెయ్యి కదిలింది.

"ఆఁ!" అన్నాడు తపన్.

ఎడమ చెంప మీద బియ్యపుగింజంత ఎర్రటి గీత. తపన్ చెంప పట్టుకుని గవరయ్యకేసి కోపంగా చూశాడు. కానీ కుర్చీ దిగలేదు, పారిపోలేదు. కావలసిన కొలత అదే.

"అయినాదా?" అంది నూకాలు గ్లాసు కింద పెట్టి. "మావోడు ఆ కొట్టు గుమ్మం కూడా తొక్కలేదు లెండి. నలబై ఏళ్లు నాకు సెప్పకుండా దాచినందుకు ఇది."

హేమ నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయింది. గవరయ్య నవ్వలేదు. పటిక ముక్క తడిపి తపన్ చెంపకి అద్దుతూ, క్షమించు నాయినా అని మూడుసార్లు అన్నాడు. ఆయన కత్తికి ఇన్నేళ్లలో అది తొలి గాటు.

కమిటీ పెద్ద కౌశిక్ గారు బట్టతల మనిషి. కూతురు రమ్మంటే వచ్చిన గవరయ్య చూపు పడవెక్కగానే అలవాటుగా ఆయన తల మీదికి పోయి, అక్కడ చేయడానికేమీ లేక కిందికి దిగింది. పడవ అడుగు గాజుది. అందులోంచి ముసలమ్మ దిబ్బ అరచేతిలో పెట్టుకున్నట్టు కనపడుతోంది. చిన్న గవరయ్య ముందు పెద్ద వరస ఉంది. మొదటి చేప పని చేయించుకుని వెళ్లింది. రెండోది, మూడోది కూడా వెళ్లాయి. కౌశిక్ గారు అద్భుతం అన్నారు. నాలుగోదిగా మచ్చల చేప వచ్చింది. చిన్న గవరయ్య నిమిరింది, ఏరింది, ఏరుతూ ఏరుతూ చురుక్కున కొరికింది. మచ్చల చేప ఒళ్లు ఒక్క కుదుపు కుదిపి, విసురుగా తోక తిప్పి వెళ్లిపోయింది.

"మీ యంత్రం చెడిపోయింది," అన్నారు కౌశిక్ గారు హిందీలో.

హేమ మూడేళ్ల కష్టం, ఆమె పేరు, వెయ్యి బొమ్మల కాగితం, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి. చెడిపోయింది, రేపటికి బాగుచేస్తాం అంటే సరిపోతుంది. ఆమె తండ్రికేసి చూసింది.

"చెడిపోలేదు సార్. చెడగొట్టాం. అటు చూడండి," అంది.

మచ్చల చేప పది బారల దూరంలో ఇంకో పగడం దగ్గర ఆగింది. అక్కడ బక్కచిక్కిన నీలంచేప ఒకటి ఒళ్లంతా తోకయినట్టు ఊగుతోంది. మచ్చల చేప కాసేపు ఆలోచించి, నోరు తెరిచింది. బక్కచేప ఆ నోట్లోకి దూకినంత పని చేసింది.

హేమ అంతా చెప్పింది. పనితనంలో లోటు లేని యంత్రం ఆ చేపల పొట్ట ఎలా కొట్టిందో, వెయ్యి యంత్రాలు దింపితే ఏమవుతుందో, తను ఆ సంగతి ఎంత ఆలస్యంగా గమనించిందో కూడా దాచలేదు. కౌశిక్ గారి ముఖం ముడుచుకుపోయింది. ఆయన వెయ్యి బొమ్మలకి సంతకం పెట్టడానికే వచ్చారు.

"ఇప్పుడు నాలుగింట్లో ఒకదాన్ని కొరుకుతుంది. తర్వాత?"

"ఆ చేపలు పుంజుకుంటే రెండింట్లో ఒకదాన్ని."

"ఇంకా పుంజుకుంటే?"

హేమ జవాబు వెతుక్కునే లోపే గవరయ్య అందుకున్నాడు. ఆయన హిందీ నలభై రెండేళ్లు పేటలో నానినది. "అందర్నీ కొరుకుతాది సార్. అప్పుడు దానికాడికి ఎవుడూ రాడు. కొట్టు కట్టేసి ఇంటికి తెచ్చుకుంటాం."

"ఓడిపోవడానికి యంత్రాన్ని తయారుచేశారా?"

"మా పన్లో అది పెద్దోళ్ల సెయ్యి సార్," అన్నాడు గవరయ్య.

కౌశిక్ గారు చాలాసేపు గాజులోంచి కిందికి చూశారు. వెయ్యికి సంతకం పెట్టలేదు. ఇరవైకి పెట్టారు, అవి కూడా ఒక్కొక్క దిబ్బ కోలుకున్నాక వెనక్కి తీసేయాలన్న షరతు మీద. పత్రికల్లో హేమ ఫోటో రాలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి రెండు కంచాల పులుసన్నం తింది.

పది నెలలకి దిబ్బ మీద సెలూన్ చేపలు ముప్పైకి పైనే తేలాయి. పెద్ద ఆడచేప ఎప్పుడో మగదైపోయి, మిగతావాటిని తరుముతూ పెత్తనం చేస్తోంది. చిన్న గవరయ్య అందర్నీ కొరికి కొరికి, సముద్రంలోకెల్లా పనికిమాలిన మంగలిగా పేరు తెచ్చుకుని, ఒంటరిగా ఊగుతోంది. దాన్ని పైకి తీసే రోజున గవరయ్య కుటుంబమంతా పడవలో వెళ్లింది. తపన్ నీళ్లలోకి దూకాడు.

పోటు తీసిన వేళ. పడవ ఆగినచోట పగడాలు మోచేతి లోతులోనే ఉన్నాయి. గవరయ్య పడవ అంచు మీదికి వాలి, కుడిచెయ్యి నీళ్లలో పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియదు. కాసేపటికి నీలంచేప ఒకటి వచ్చి చేతి చుట్టూ తిరిగింది. పొట్ట కింది రెక్కలతో అరచేతి వెనక మెల్లగా నిమిరింది, ఆగింది, మళ్లీ నిమిరింది. గవరయ్య ఊపిరి బిగబట్టాడు. తను వేలమందికి చెప్పిన మాటని ఇప్పుడొకరు తనకి చెబుతున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. చేప గోళ్ల పక్కన చర్మం ఏరుతూ, ఒక్కొక్క వేలే శుభ్రం చేసుకుంటూ వచ్చింది. చిటికెనవేలి దగ్గర చురుక్కుమంది.

"కొరికేసినాదే!" అని గవరయ్య చెయ్యి పైకి లాగాడు.

నూకాలు కంగారుగా వేలు పట్టుకుని చూసింది. హేమ మాత్రం చప్పట్లు కొట్టింది. ఆమె ముఖమంతా నవ్వు, కళ్లనిండా నీళ్లు.

"ఆకలిగా ఉన్నన్నాళ్లూ ఇవి ఒక్కర్ని కూడా కొరకలేదు నాన్నా! ఒక్క బేరం పోయినా బతకలేవు కదా, పళ్లు బిగబట్టుకుని పనిచేశాయి. నువ్వు పోతే పో, నీ వెనక ఇంకా పదిమంది ఉన్నారు అనుకున్నప్పుడే కొరుకుతాయి."

గవరయ్య వేలు చూసుకున్నాడు. కందిగింజంత ఎర్రటి చుక్క. దానికేసి చాలా ఇష్టంగా చూశాడు.

"నీ పొగరు సల్లగుండా," అని, చెయ్యి మళ్లీ నీళ్లలో పెట్టాడు.